అడుగున గీత లేని పది సెల్లులు

రండి, ముందుకు జరిగి కూర్చోండి. వెనకాల గుసగుసలాడేవాళ్ళు ఆ ముచ్చట్లు కాసేపు జేబులో పెట్టుకోండి, అయిపోయాక తీసుకోవచ్చు. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో ఎవరైనా "ఇంతకీ ఎవరు చేశారు" అని అడిగితే వాళ్ళే చేశారని చెప్పి కథ ముగించేస్తాను, నాకేం మొహమాటం లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి డిటెక్టివ్ నత్త, సరుకుల గోదాం గేటు ముందు బస్సు దిగాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఆయనకే సరిగా గుర్తులేదు. బూట్ల తాడు కట్టుకోవడం మొదలుపెడితే ముడి పడేలోగా బూట్లు అరిగిపోయే మనిషికి నత్త అన్న పేరే సరిపోయింది. డిటెక్టివ్ కాకముందు ఇరవై రెండేళ్ళు రేడియోలు బాగుచేశాడు. ఆగిపోయిన రేడియో అబద్ధం చెప్పదని, ఓపికగా తడితే నొప్పి ఎక్కడుందో అదే చెబుతుందని ఆయన నమ్మకం. మనుషుల్నీ అలాగే తట్టేవాడు.

కేసు చూడ్డానికి చిన్నది. ఆ ఉదయం పదకొండూ నలభైకి గోదాంలో నాలుగో ర్యాక్ మీదున్న ఏడో నంబరు అట్టపెట్టె అంటుకుంది. కాపలాదారు దాన్ని వట్టి చేతుల్తో బయటికి లాగాడు. మంట ఆరింది గానీ అతని అరచేతులు కాలాయి, ఆసుపత్రిలో ఉన్నాడు. పెట్టె మీద "వాడేసిన డ్రై సెల్లులు, ప్రమాదం లేనివి" అని చీటీ ఉంది. బూడిదలో మాత్రం లిథియం బ్యాటరీ దొరికింది. చీటీ మీద సంతకం పిన్నిగారిది.

పిన్నిగారు అంటే ఎవరికీ పిన్ని కాదు, గోదాం మొత్తానికీ పిన్ని. ఇళ్ళల్లో వాడి పారేసిన సెల్లులు, బ్యాటరీలు ఆ గోదాంకి వస్తాయి. వాటిని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ వేరే ఊళ్ళో ఉంది. లారీ ఎక్కించే ముందు ఏది ఏ తరగతి సరుకో తేల్చి, పెట్టెల్లో సర్ది, చీటీ అంటించి సంతకం పెట్టడం ఆవిడ పని. ఇంట్లో నడుం పట్టేసి మంచం దిగలేని భర్త ఉన్నాడు. ఆవిడ సంతకం ఆగిపోతే ఆ ఇంటి పొయ్యి ఆగిపోతుంది.

ఆగిపోయేలాగే ఉంది. బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు అప్పటికే రిపోర్టు రాసేశాడు. పిన్నిగారి నిర్లక్ష్యం వల్ల మనిషికి గాయాలయ్యాయని అందులో ఉంది. నాలుగింటికి అది పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది, అయిదింటికి జీపు వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్తుంది. గోదాం యజమానికి ఆ తొందర నచ్చక నత్తకి ఫోన్ చేశాడు.

ఆ పరిశోధకుడి పేరు తుపాకి. ఎంత వేగమంటే, ఒకసారి ఒక దుకాణం తగలబడటానికి పావుగంట ముందే రిపోర్టు పూర్తిచేసి, అది అంటుకునేదాకా బయట నిలబడి గడియారం చూసుకున్నాడని చెప్పుకుంటారు. అతను నత్తకి స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు. అందువల్ల వాళ్ళిద్దరూ కలిసిన ఏ కేసులోనైనా అసలు కేసు మొదలవకముందే సగం కేసు ఉండేది.

"రా బావా," అన్నాడు తుపాకి, ఆఫీసు గది గుమ్మంలో నిలబడి. "కేసు అయిపోయింది. టీ మాత్రం ఉంది."

"వేడిగా ఉందా?"

"చల్లారింది."

"అయితే కేసు దగ్గరికే వెళ్దాం," అని నత్త అతని పక్కనుంచి లోపలికి నడిచాడు.

పిన్నిగారు తన టేబుల్ దగ్గరే కూర్చుని ఉంది. టేబుల్ మీద అయిదు ట్రేలు, ఒక తూకం, టేపు చుట్ట, ఒక మేకు, ఫారాల దొంతర. ఏడవడం లేదు. ఎవరో చెప్పినట్టు ట్రేలు ఒకదాని పక్కన ఒకటి సరిచేస్తోంది, సరిగ్గా ఉన్నవాటిని మళ్ళీ సరిచేస్తోంది. నత్త ఎదురుగా కుర్చీ లాక్కుని, మీ పనేమిటో నాకేమీ తెలియదనుకుని మొదటినుంచీ చెప్పమన్నాడు. తెలిసిన సంగతికైనా ఆ మాట అనడం ఆయన పాత అలవాటు.

ఆవిడ చెప్పింది. ఈ సెల్లులన్నీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని బుద్ధి ఇంకోదానికి రాదట. గోడ గడియారాల్లో, రిమోటుల్లో వేసే డ్రై సెల్లులు సాధువులు. కొసలు ఒకదానికొకటి తగలకుండా పేర్చితే మామూలు సరుకుగానే పోతాయి. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీకి రెండు కొసలూ నెత్తి మీదే ఉంటాయి, ఏ తాళంచెవో అడ్డంగా తగిలితే అక్కడే పొయ్యి రాజుకుంటుంది. అందుకని దాని నెత్తికి టేపు వెయ్యాలి. గుండీల్లాంటి చిన్నవాటిని దేనికదే విడిగా టేపులో చుట్టాలి. ఫోన్లలో, కెమెరాల్లో ఉండే లిథియం తొమ్మిదో తరగతి ప్రమాద సరుకు. దాని పెట్టె వేరు, చీటీ వేరు, గది కూడా వేరు. స్కూటర్లలో వేసే సీసం బ్యాటరీ కడుపులో యాసిడ్ ఉంటుంది కాబట్టి ఎనిమిదో తరగతి. ఇక పొట్ట ఉబ్బిన లిథియం అంటారా, అది ఏ పెట్టెలోకీ పోదు. వెనక వరండాలో ఇసక డ్రమ్ములో ఒంటరిగా కూర్చుంటుంది, దానికి వేరే అనుమతి, వేరే బండి.

"ఏడో పెట్టె ఎన్నింటికి మూశారమ్మా?"

తొమ్మిదీ పదికని చెప్పింది. నత్త ఇంకో నాలుగు సంగతులు అడిగి, పెట్టె ఎన్నింటికి మూశారని మళ్ళీ అడిగాడు. తొమ్మిదీ పదే. ఇంకాసేపటికి మూడోసారి అడిగాడు.

"మూడోసారీ తొమ్మిదీ పదే అన్నయ్యగారూ. ఆ గడియారం నాది కాదు, గోడది."

తొమ్మిదీ పదిహేనుకి పెట్టె నాలుగో ర్యాక్‌కి వెళ్ళింది, తర్వాత దాన్ని ఆవిడ చూడలేదు. సర్దే పద్ధతి అడిగితే అదీ చెప్పింది. పెట్టెకి అయిదు వరసలు, వరసకి నలభై ఎనిమిది, వరసకీ వరసకీ మధ్య అట్టముక్క. మొత్తం రెండొందల నలభై. మూతకీ పై వరసకీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ. ప్రతి సెల్లునీ చేత్తో తిప్పి చూసి, డ్రై సెల్లే అని తేల్చుకున్నాక దాని అడుగున మేకుతో ఒక గీత గీస్తుంది. గీత పడని సెల్లు ఆవిడ చేతిలోంచి పెట్టెలోకి పోదు. అలా గీయమని ఏ రూల్లోనూ లేదు. మొదటి ఏడాది ఒకసారి తనమీద తనకే అనుమానం వచ్చి, రాత్రి నిద్ర పట్టక, మర్నాటి నుంచి మొదలుపెట్టిందట.

"పంతొమ్మిదేళ్ళు," అంది ఆవిడ. "ఒక్క గుండీ కూడా తప్పు పెట్టెలో వెయ్యలేదు. ఆ లిథియం నా చేతిమీదుగా పోలేదు. కానీ ఎలా పోయిందో చెప్పమంటే చెప్పలేను, అదే నాకు భయంగా ఉంది."

నత్త తలూపి, ఆ మేకు ఒకసారి ఇమ్మని తీసుకుని, బూడిద దగ్గరికి వెళ్ళాడు.

కాలిన పెట్టెని నాలుగో ర్యాక్ ముందు ఒక రేకు మీద పరిచి ఉంచారు. పైభాగం బొగ్గయింది. కింద మూడు వరసలు చెక్కుచెదరలేదు, అట్టముక్కల మధ్య సైనికుల్లా నిలబడే ఉన్నాయి. పెట్టె ఎడమ పక్క గోడ ఒక్కటి సగం మిగిలింది. ఎత్తడానికి వీలుగా చేతులు దూర్చే రంధ్రం ఉంటుంది చూడండి, అది ఆ సగంలోనే ఉంది, మూతకి కాస్త కిందుగా. రంధ్రం అంచులు లోపలి వైపు నల్లగా, బయటి వైపు మామూలుగా ఉన్నాయి.

నత్త చేతిరుమాలు పరుచుకుని గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో సెల్లునీ తీసి, మసి తుడిచి, తిరగేసి, అడుగు చూసి, పక్కన పెట్టాడు. అలా ఒకటి, అలా రెండు, అలా యాభై. తుపాకి నాలుగుసార్లు వచ్చి చూసి నాలుగుసార్లు వెళ్ళాడు. అయిదోసారి వచ్చి, బావా అవి పచ్చీసు గవ్వలు కావు, ఎంత తిప్పినా పందెం పడదు అన్నాడు. నత్త వందా పద్దెనిమిది అన్నాడు. లెక్క తప్పుతుందని అంతకు మించి మాట్లాడలేదు.

రెండూ నలభై అయిదుకి లెక్క తేలింది. సెల్లు పైపూత కాలిపోతుంది గానీ అడుగు రేకు మీద మేకు గీత కాలదు. అడుగున గీత ఉన్నవి సరిగ్గా రెండొందల నలభై. గీత లేనివి తొమ్మిది. ఆ తొమ్మిదీ, లిథియంతో కలిపి పదీ, దొరికింది ఒక్కచోటే. పై వరస మీద, ఎడమ పక్క, ఆ చేతి రంధ్రానికి సరిగ్గా కింద. నిలబడి కాదు, అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

తుపాకి దానికీ సమాధానం సిద్ధంగా ఉంచుకున్నాడు. మనిషన్నాక మర్చిపోతుంది, ఓ పది సెల్లులకి గీత గీయడం మర్చిపోయింది, అందులో ఒకటి లిథియం, అంతే అన్నాడు. మూడవడానికి ఇంకా పదిహేను నిమిషాలే ఉంది కాబట్టి ఇక ఆ మోకాళ్ళకి విశ్రాంతి ఇవ్వమని సలహా కూడా ఇచ్చాడు.

"మర్చిపోయినవైతే పెట్టంతా చెల్లాచెదురుగా ఉండాలి," అన్నాడు నత్త. "ఇవి పదీ ఒకే మూల పడి ఉన్నాయి, పిలవని పేరంటానికి వచ్చినట్టు. పైగా ఆవిడ లెక్క రాసింది రెండొందల నలభై. గీతలూ రెండొందల నలభై. ఆవిడ లెక్కలో లేనివాటిని ఆవిడ ఎలా మర్చిపోయింది?"

"నీతో ఇదే చిక్కు బావా. ఇల్లు కాలిందని చెబితే తలుపు ఏ రంగని అడుగుతావు."

"ఆ రంగేదో నీ రిపోర్టులో రాశావా?"

"నా రిపోర్టులో రాయాల్సింది ఒక్కటే. చీటీ ఎవరిది, సంతకం ఎవరిది. నాలుగింటికి పంపిస్తాను. అక్కతో చెప్పుకున్నా సరే."

నత్త కోపం తెచ్చుకోవడానికి కూడా టైము తీసుకునే మనిషి. అది వచ్చేలోపు వేరే పని చూసుకుందామని ట్రాలీ తోసేవాణ్ణి పిలిపించాడు.

ట్రాలీ తోసేవాణ్ణి అందరూ రైలు అంటారు, నోటితో కూత వేస్తూ ట్రాలీ తోస్తాడు గనక. నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, కూత మాత్రం మానలేదు. ఏడో పెట్టె ర్యాక్ మీదికి వచ్చాక ఏం జరిగిందో అడిగితే, ఏమీ జరగలేదన్నాడు. పదకొండున్నరకి దానిమీద ఇంకో బరువైన పెట్టె ఎక్కించాడు, పది నిమిషాలకి పొగ వచ్చింది. మూత కొంచెం కిందకి దిగినట్టుందే అని అప్పుడే అనుకున్నాడట.

నత్త జేబులోంచి ఒక సెల్లు తీసి, పక్క ర్యాక్ మీదున్న ఒక ఖాళీ అట్టపెట్టె చూపించి, మూత తియ్యకుండా దీన్ని లోపల వెయ్యగలవా అని అడిగాడు. రైలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి చాపి, చేతి రంధ్రంలోంచి సెల్లుని టక్కున జారవిడిచాడు. ఉత్తరాల డబ్బాలో ఉత్తరం వేసినంత అలవాటుగా. తర్వాత తన చేతి వంక చూసుకుని, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగతాదంతా తట్టకుండానే వచ్చింది. ఇంటి దగ్గర చచ్చిన సెల్లులు గోదాంలో పనిచేసేవాళ్ళందరూ ఇక్కడికే తెస్తారట. చెత్తబుట్టలో వేస్తే పాపం కదా. కానీ పిన్నిగారి టేబుల్ దగ్గరికి వెళ్తే, ఒక్క రిమోటు సెల్లు ఇచ్చినా పదకొండు గళ్ళ ఫారం నింపమంటుంది. ఎక్కడ కొన్నారు, ఎందులో వాడారు, ఎప్పుడు ఆగిపోయింది, తడిసిందా, ఉబ్బిందా. సెల్లు చచ్చిపోయిందని తెలిస్తే చాలదు, దాని జాతకం చెప్పాలి. అందుకని ర్యాక్ పక్కనుంచి పోతూ చేతి రంధ్రంలో వేసేస్తారు. డ్రై సెల్లులే కదా, డ్రై సెల్లుల పెట్టెలోనే కదా అని.

వెనక నుంచి పిన్నిగారు వచ్చి నిలబడి ఉందని ఎవరూ చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి రా?" అంది ఆవిడ.

"మీరు వచ్చినప్పట్నుంచీ పిన్నిగారూ," అన్నాడు రైలు, తల వంచుకుని. "మిమ్మల్ని శ్రమ పెట్టడం ఎందుకని."

ఆవిడ అక్కడున్న ఒక పెట్టె మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్ళుగా తను మూసిన ప్రతి పెట్టె తను మూసినట్టు వెళ్ళలేదని ఆవిడకి అప్పుడే తెలిసింది. పాలు ఎన్నిసార్లు వడగడితే ఏం లాభం, గిన్నెకి పక్కనే చిల్లు ఉంటే.

ఈ ఉదయం ఏడో పెట్టెలో ఎవరెవరు వేశారో చెప్పమన్నాడు నత్త. రైలు వేళ్ళు మడిచాడు. తను నాలుగు, గోడ గడియారాలవి. తూకం గుమాస్తా రెండు, టార్చివి. అక్కడితో ఆరు. తర్వాత కొంచెం నసిగి, ఇంకొకాయన కూడా వేశారు గానీ ఆయన పెద్దవారు, చెప్పొచ్చో లేదో అన్నాడు.

"చెప్పు. నేను నిన్ను తొందర పెట్టనుగా."

రైలు గడ్డంతో ఆఫీసు గది వైపు చూపించాడు. గుమ్మంలో తుపాకి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

నత్త సందర్శకుల రిజిస్టర్ తెప్పించాడు. అందులో తుపాకి పేరు ఆ రోజు రెండుసార్లు ఉంది. మంట తర్వాత పన్నెండుంబావుకి ఒకసారి. అంతకుముందు పదీ నలభైకి ఒకసారి, పదకొండూ అయిదుకి బయటికి. వచ్చిన పని అనే గడిలో "వార్షిక అగ్ని భద్రతా తనిఖీ" అని ఉంది. గోదాంకి నూటికి నూరు మార్కులు వేసి వెళ్ళాడు. ఇరవై అయిదు నిమిషాల్లో నాలుగు ర్యాకులు, రెండు గదులు, ఒక వరండా, పన్నెండు మంటలార్పే సిలిండర్లు చూశాడన్నమాట. నిజంగా చూశాడో, పక్కనుంచి గాలిలా పోయాడో సిలిండర్లే చెప్పాలి.

"తనిఖీ సంగతి దాచలేదే," అన్నాడు తుపాకి. "నువ్వు అడగలేదు."

సెల్లుల సంగతి అడిగితే అదీ దాచలేదు. పొద్దున్న అక్క వాళ్ళింటి మీదుగా వస్తుంటే ఒక సంచి చేతిలో పెట్టి, గోదాంకే వెళ్తున్నావుగా, బీరువా మీద దుమ్ము పట్టిన ఈ సెల్లులు అక్కడ ఇచ్చేయరా అందట. టేబుల్ దగ్గర ఫారం చూశాడు, పదకొండు గళ్ళు. ట్రాలీవాడు ఎలా వేస్తున్నాడో చూశాడు. తనూ అలాగే వేశాడు. రిమోటు సెల్లులు మూడో నాలుగో. సంచిలో ఇంకా ఏముందో చూడలేదు. చూడాలంటే ఆగి, సంచిలోకి తొంగి చూడాలి, అదంతా ఆలస్యం.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే రకం కాదు తుపాకి. భుజం మీద గుమ్మడికాయ ఉన్నా బరువు తెలియని రకం. అందుకే అతని మొహంలో నత్తకి అబద్ధం కనపడలేదు. లెక్క మాత్రం కనపడింది. నాలుగూ రెండూ ఆరు, మూడు కలిపితే తొమ్మిది. ఇక మిగిలింది ఆ లిథియం.

అప్పుడు నత్త మళ్ళీ రేకు దగ్గరికి వెళ్ళి ఆ లిథియం బ్యాటరీని పటకారుతో పైకెత్తాడు. పొట్ట పగిలి, రేకు విచ్చుకుని, నల్లగా ఉంది. దాని నడుంకి ఏదో పట్టీ అతుక్కుని ఉంది. మేకు కొసతో మసి గీకాడు. మసి కింద పట్టీ తెల్లగా బయటపడింది. అంత మంటలోనూ కాలలేదు. గాజు నూలు పట్టీ అది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్ళ దగ్గర తప్ప ఇళ్ళల్లో కనపడదు. చివర రెండు మెలికలు తిప్పి వేసిన ముడి.

ఆ ముడి ఎవరిదో ఆయనకి తెలుసు. ఇరవై రెండేళ్ళు రేడియోల కడుపుల్లో వేసిన ముడి అది. నాలుగు నెలల కిందట పాత కెమెరాలోంచి తీసిన బ్యాటరీ ఉబ్బిందని చూసి, కొసలు దేనికీ తగలకుండా పట్టీ చుట్టి, రేపు గోదాంకి తీసుకెళ్ళి ఇవ్వాలనుకుని బీరువా మీద పెట్టింది ఆయనే. రేపు, ఎల్లుండి, వచ్చే వారం. పదకొండు గళ్ళ ఫారం సంగతి ఆయనకీ తెలుసు.

ఆయన ఆ పటకారు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మిగతావాళ్ళు అది ఆయన మామూలు నిదానమే అనుకున్నారు. కానీ అక్కడ ఆ ముడిని గుర్తుపట్టగలిగేవాడు ఇంకెవడూ లేడు. బొటనవేలితో ఒక్కసారి లాగితే పట్టీ ఊడి వస్తుంది. బ్యాటరీ ఎవరిదో తెలియలేదు అని రాయొచ్చు. రాస్తే తుపాకి రిపోర్టు అలాగే నిలబడుతుంది. ఇరవై నాలుగు నిమిషాల్లో అది స్టేషన్‌కి వెళ్తుంది. అవతల పెట్టె మీద కూర్చున్నావిడ, మేకు లేని చేత్తో, తన అరచేతి మీద గీతలు గీసుకుంటోంది.

"ఇది మా ఇంటిదే," అన్నాడు నత్త. "ఉబ్బిందని తెలిసీ నాలుగు నెలలు ఉంచింది నేను. సంచిలో వేసింది మా ఆవిడ. చూడకుండా పెట్టెలో వేసింది మా బావమరిది. ఈవిడ చెయ్యి ఎక్కడా తగల్లేదు."

తుపాకి నవ్వబోయాడు. పట్టీ చూశాడు, బావ మొహం చూశాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత అతను చేసిన పనిని మాత్రం గోదాంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కుర్చీ లాక్కుని, రిపోర్టులో పిన్నిగారి పేరున్న చోట అడ్డంగా కొట్టేసి, పైన తన పేరు రాశాడు. దాని కింద బావ పేరు రాశాడు. రెండు పేర్లు రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. అంత నిదానంగా అతను అంతకుముందెప్పుడూ ఏదీ రాయలేదు.

పిన్నిగారు ఆ కాగితం చదివింది. రెండోసారి చదవలేదు. లేచి నిలబడి, ఆ ముడి చూడాలన్నట్టు వంగి, పటకారులో ఉన్న బ్యాటరీని పరీక్షగా చూసింది.

"అన్నయ్యగారూ, మీ కెమెరాలో ఇలాంటిది ఒక్కటే పడుతుందా?"

రెండు పడతాయని, రెండోదానికీ తనే పట్టీ చుట్టాడని నత్తకి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీసి ఇంటికి కలిపాడు. బీరువా మీద తెల్ల పట్టీ చుట్టినవి ఎన్ని ఇచ్చావని అడిగాడు. రెండూ ఇచ్చేశాను, ఇప్పటికైనా దుమ్ము దులుపుకున్నాను, ఎందుకు అడుగుతున్నారు అంది భార్య. తర్వాత చెబుతానన్నాడు.

"రెండోది ఎక్కడ వేశావురా?"

తుపాకి మొదటిసారి ఆలోచించి జవాబిచ్చాడు. ఏడో పెట్టె రంధ్రం దగ్గర సెల్లులు అడ్డం పడి ఇరుక్కుంటే, సంచి సగం వంపి, మిగతా సగం పక్క పెట్టెలో వంపాడట. పక్క పెట్టె అంటే ఎనిమిది.

నాలుగో ర్యాక్ వైపు అందరూ ఒకేసారి చూశారు. ర్యాక్ ఖాళీగా ఉంది. మంట వచ్చిన ర్యాక్ కదా, మిగతా పెట్టెలు అక్కడ ఉంచడం మంచిది కాదని మధ్యాహ్నమే లారీ ఎక్కించారు. ఎక్కించమని రిపోర్టు మొదటి పేజీలో సలహా రాసింది తుపాకి. లారీ మూడున్నరకి గేటు దాటింది. ఇప్పుడు మూడూ నలభై ఆరు. ఎనిమిదో పెట్టె ఎక్కడ పెట్టావని రైలుని అడిగితే, అన్నిటికన్నా కింద అన్నాడు. దానిమీద పన్నెండు పెట్టెలు. ఆ ఎనిమిదో పెట్టె చీటీ మీద సంతకం కూడా పిన్నిగారిదే.

డ్రైవర్ ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. నత్త నోరు తెరిచేలోపు పిన్నిగారు ఫోన్ లాక్కుంది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు.

"బండి ఆపు. వెనక తలుపులు రెండూ తీసేయి. పెట్టెలు ముట్టుకోకు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని అటు పరిగెత్తు."

బండి ఆగే ఉందని చెప్పాడు డ్రైవర్. రెండొందల గజాల అవతల, లారీల తూకం వేసే కాటా దగ్గర వరసలో ఉన్నాడు. ముందు తొమ్మిది బళ్ళు ఉన్నాయట. దిగిపోతే వరసలో తన చోటు పోతుంది కదా, అది ఎవరు చూసుకుంటారని అడిగాడు. చోటు తర్వాత వెతుక్కోవచ్చు, ముందు నువ్వు మిగులు అంది పిన్నిగారు. ఫోన్ నత్త చేతిలో పడేసి, వరండాలోంచి రెండు చేతుల్లో రెండు ఇసక బకెట్లు పట్టుకుని గేటు వైపు పరిగెత్తింది. వెనక రైలు కూత మర్చిపోయి పరిగెత్తాడు. తుపాకి ఇద్దర్నీ దాటేశాడు. నత్త కూడా పరిగెత్తాడు, అది చూసినవాళ్ళు ఇప్పటికీ ఒకరి మాట ఒకరు నమ్మరు.

గేటు బయట ఒక పెద్దమనిషి చంకలో దిండంత పార్శిల్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పార్శిల్ తీసుకునే కిటికీ ఎప్పుడు తెరుస్తారో అడగడానికి వచ్చి, ఈ పరుగులు చూసి ఆగిపోయాడు. ఏమైందని అడిగితే, ఎనిమిదో పెట్టెలో చచ్చిన బ్యాటరీ ఉందని నత్త రొప్పుతూ చెప్పాడు. ఆయన కాటా వైపు చూశాడు. అక్కడ డ్రైవర్ తలుపులు తీసి ఇటే పరిగెత్తుకొస్తున్నాడు. అతని వెనక లారీలోంచి సన్నగా, తెల్లగా, నిటారుగా పొగ లేస్తోంది. పార్శిలాయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని కాసేపు చూసి, తృప్తిగా తలూపాడు.

"చచ్చిందని ఎవరు చెప్పారండీ, శుభ్రంగా పనిచేస్తోంది."